నీటికుంట దగ్గర మంచె మీద కూర్చునేవారు ఒంటి వాసన తగ్గించుకోవడానికి ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

ప్రశ్న అడిగినవారు: మెట్టుగుట్ట నీడ (హన్మకొండ)

అందరికీ నమస్కారం. నేను సెలవు దినాలలో అటవీ శాఖ అనుమతి తీసుకొని తాడ్వాయి, ఏటూరునాగారం అడవులలో వన్యప్రాణుల ఛాయాచిత్రాలు తీస్తుంటాను. ఎండాకాలంలో సాసర్ పిట్ల (జంతువుల కోసం అడవిలో కట్టి నీళ్లు నింపే లోతు తక్కువ తొట్ల) దగ్గర, చిన్న నీటికుంటల దగ్గర కట్టిన మంచెల మీద సాయంత్రం పూట కూర్చునే అవకాశం దొరుకుతుంది. ఈ వేసవిలో ఒక విషయం పదే పదే గమనించాను. చుక్కల దుప్పులు నీళ్ల కోసం బాట పట్టి వస్తాయి. కుంటకు కొంత దూరంలో ఉండగానే ముందు నడిచే ఆడదుప్పి ఆగి, మోర పైకెత్తి, ముక్కుపుటాలు అదురుతుండగా గాలిని పీలుస్తుంది. ముందరి కాలితో నేలను ఒకసారి తన్నుతుంది. ఆ తర్వాత మంద మొత్తం వచ్చిన దారినే వెళ్లిపోతుంది. ఆ సమయంలో నేను కదలలేదు, కెమెరా చప్పుడు కూడా లేదు, మంచె చుట్టూ ఆకుల తడిక ఉన్నందున అవి నన్ను చూసే వీలూ తక్కువే. కనుక అవి పసిగడుతున్నది నా వాసననే అని భావిస్తున్నాను. బొమ్మ దొరకలేదన్న బాధకంటే, అంతటి ఎండలో దాహంతో వచ్చిన ప్రాణి నా మూలంగా నీళ్లు తాగకుండా తిరిగి వెళుతోందన్న బాధ నాకు ఎక్కువగా ఉంది.

ప్రస్తుతం నేను చెమట త్వరగా ఆరిపోతుందని చెప్పి అమ్మే పాలిస్టర్ టీషర్టు, ఆకుల అచ్చు ఉన్న ప్యాంటు, తోలు బూట్లు వేసుకుంటున్నాను. వాటిని ఇంట్లో అన్ని బట్టలతో కలిపి మామూలు సబ్బుపొడితోనే ఉతుకుతాము, చివరలో సువాసన ద్రవం కలిపిన నీళ్లలో ముంచుతాము, ఆరిన తర్వాత కలరా ఉండలు వేసిన బీరువాలో పెడతాము.

ఈ విషయం గురించి వెతికితే దొరికేదంతా అమెరికాలో జింకలను వేటాడేవారు తమ వాళ్ల కోసం రాసుకున్న సమాచారమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, నాకు వేటతో పని కూడా లేదు. అయితే జంతువు ముక్కుకు తుపాకీ పట్టినవాడికీ కెమెరా పట్టినవాడికీ తేడా తెలియదు కనుక, వారు చెప్పేవాటిలో మన వాతావరణానికి సరిపడేవి ఏవో తెలుసుకోవాలని ఉంది. బట్ట రకం వల్ల నిజంగా తేడా ఉంటుందా? ఎలా ఉతకాలి? వాసనను పీల్చుకునే బొగ్గుపొర ఉన్న ఖరీదైన బట్టలు కొనడం అవసరమా? పేడ గాని, ఆకుల పసరు గాని బట్టలకు రాసుకుంటే ఫలితం ఉంటుందని ఊళ్లలో కొందరు అంటారు, అది నిజమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.


సమాధానం: కొత్తవాడ పడుగుపేక (వరంగల్)

మెట్టుగుట్ట నీడ గారికి నమస్కారం. వస్త్ర రసాయన శాస్త్రం చదువుకొని, నూలు మధ్యనే పనిచేస్తున్నవాడిగా బట్టకు సంబంధించినంత వరకు నాకు తెలిసినది చెబుతాను. అడవి సంగతి తెలిసినవారు మిగతాది చెప్పాలి.

ముందుగా గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. ఒళ్లంతా పట్టే చెమట ఉప్పునీరు వంటిది. చంకలలో, గజ్జలలో ఉండే వేరొక రకం గ్రంథుల నుండి కొవ్వు, మాంసకృత్తులు కలిసిన చిక్కని ద్రవం వస్తుంది. చర్మం మీద నివసించే బాక్టీరియా దానిని విరగ్గొట్టినప్పుడు గాలిలోకి తేలికగా ఎగిరే ఆమ్లాలు, గంధకం కలిసిన పదార్థాలు తయారవుతాయి. మనం ఒంటి వాసన అనేది వాటినే. ఈ పనికి కొంత సమయం, తడి, వెచ్చదనం కావాలి. అంటే మీరు మంచె ఎక్కిన తర్వాత పట్టే చెమటకంటే, ఇంతకుముందు పట్టి బట్టలో ఇంకిపోయి, ఉతికినా పోకుండా మీతోపాటు మళ్లీ అడవికి వచ్చే పాత చెమటే మీకు పెద్ద సమస్య. బట్ట ఎంపిక, ఉతికే పద్ధతి అనే రెండూ చేయగలిగినదల్లా ఆ పాత వాసనను ఇంటి దగ్గరే వదిలించడం. కొత్తగా పట్టే చెమటను ఏ బట్టా పూర్తిగా ఆపలేదు.

ఈ కోణంలో చూస్తే మీరు వేసుకుంటున్న పాలిస్టర్ టీషర్టు అన్నిటికంటే సరిపడనిది. పాలిస్టర్ పోగు నీటిని దాదాపుగా పీల్చుకోదు. మామూలు తేమ ఉన్న గాలిలో నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టుకుంటే, పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతం మాత్రమే. అందుకే అది త్వరగా ఆరుతుంది, ఆ మాటలో అబద్ధం లేదు. కానీ నీటిని దూరంగా ఉంచే ఆ పోగే నూనెను, కొవ్వును గట్టిగా పట్టుకుంటుంది. నీరు ఎగిరిపోతుంది, వాసనకు మూలమైన జిడ్డు పోగుమీద మిగిలిపోతుంది, చల్లని నీటిలో సబ్బుపొడి వేసి ఉతికినా అది సరిగా వదలదు. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాయామం చేసినవారి టీషర్టులను పరిశీలించి, నూలు బట్టలకంటే పాలిస్టర్ బట్టలకు ఎక్కువ దుర్వాసన ఉందని, మైక్రోకోకస్ జాతి బాక్టీరియా పాలిస్టర్ మీద ప్రత్యేకంగా వృద్ధి చెందిందని ప్రచురించారు. దీనిని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఉతికి ఆరిన టీషర్టును చంక భాగం దగ్గర వాసన చూడండి, ఏమీ తెలియకపోవచ్చు. అదే చోట ఇస్త్రీపెట్టెను గోరువెచ్చగా ఒకసారి రాసి, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోండి. పోయిందనుకున్న పులిసిన వాసన ఆ వేడికి పైకి లేస్తుంది. మంచె మీద మీ ఒంటి వేడి, ఎండ వేడి కలిసి చేసేది అదే పని.

కాబట్టి ఎండాకాలానికి వదులుగా ఉండే, పూర్తి చేతులున్న పలుచని నూలు చొక్కా, దాని లోపల నూలు బనియను వేసుకోవడం మేలు. కొత్త చొక్కా వద్దు. కొత్త బట్టకు గంజి వాసన, రంగు వాసన, మిల్లులో పట్టించిన రసాయనాల వాసన ఉంటాయి. ఇంట్లో వాడి వాడి మెత్తబడిన పాత చొక్కాలే దీనికి మంచివి. పూర్తి చేతులు ఎందుకంటే, మన చర్మం నుండి కంటికి కనబడని పొలుసులు ఎప్పుడూ రాలుతూ ఉంటాయి, వాటి మీద బాక్టీరియా కూడా ఉంటుంది, ఒంటి వేడికి పైకి లేచే గాలి వాటిని మోసుకుపోతుంది. మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్న చొక్కా వాటిలో కొన్నింటినైనా ఆపుతుంది. ఇక బనియను సంగతికి వస్తే, చెమటలో చిక్కని భాగమంతా ముందుగా దానిలోనే ఇంకుతుంది కనుక, ఉతికిన బనియన్లు రెండు మూడు గాలి చొరని సంచిలో పెట్టుకొని వెళ్లి, తడిసినప్పుడల్లా మార్చుకొని, విప్పినదానిని వేరొక సంచిలో వేసి మూతి గట్టిగా ముడివేయండి. ఈ ఒక్క పని ఖరీదైన జాకెట్ చేసే పనికంటే ఎక్కువ చేస్తుందని నా నమ్మకం. నూలుకు ఒక లోపం ఉన్నమాట నిజమే, తడిస్తే త్వరగా ఆరదు, తడిగా ఉంచితే అదీ పులుస్తుంది. మార్చుకోమని చెప్పడం అందుకే.

ఉతకడంలో మీరు మానుకోవలసినవి మూడు ఉన్నాయి. సువాసన ద్రవం బట్ట మీద సన్నని పొరలాగా అంటుకొని, పరిమళాన్ని రోజుల తరబడి వదులుతూ ఉండడమే కాక, నూలు చెమటను పీల్చుకునే గుణాన్ని కూడా తగ్గిస్తుంది. సబ్బుపొడిలో పరిమళంతోపాటు బట్టను తెల్లగా మెరిపించే పదార్థాలు ఉంటాయి, అవి అతినీలలోహిత కాంతిని తీసుకొని నీలి కాంతిగా వెదజల్లుతాయి. దుప్పి జాతి జంతువుల కళ్లు ఎరుపును సరిగా గుర్తించలేకపోయినా నీలాన్ని బాగా గుర్తిస్తాయి కనుక, పొద్దువాలిన తర్వాత ఆ మెరుపు మీకు కనబడకపోయినా వాటికి కనబడే అవకాశం ఉంది. కలరా ఉండల సంగతి అందరికీ తెలిసినదే, వాటి ఆవిరి పోగుపోగులోకి చొరబడి, ఎండలో వేసినా త్వరగా వదలదు.

వాటికి బదులు కుంకుడుకాయలను రాత్రి నానబెట్టి, గింజ తీసి, పిసికి వడగట్టిన నురుగులో ఈ బట్టలను విడిగా ఉతకండి. నూలుకూ ఉన్నికీ అది చక్కగా సరిపోతుంది, దాని వాసన రెండు నీళ్లలో జాడిస్తే పోతుంది. చంక భాగంలో పాత వాసన మొండిగా ఉంటే, ముందుగా ఒక గుప్పెడు వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానవేయండి. వాసనకు కారణమైన ఆమ్లాలు సోడాతో కలిసి లవణాలుగా మారితే గాలిలోకి ఎగరవు, నీటితోపాటు పోతాయి. కొందరు సోడాతోపాటే నిమ్మరసమో వెనిగరో కలుపుతారు, అలా కలిపితే రెండూ ఒకదాని బలాన్ని మరొకటి చంపుకుంటాయి. ఉతికిన తర్వాత లోపలివైపు పైకి తిప్పి, నిండు ఎండలో, వంటింటి పొగ తగలని చోట ఆరేయండి. ఆరినవాటిని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో విడిగా పెట్టి, బీరువా ముఖం చూపించకండి.

చంకలకు సువాసన స్ప్రేకు బదులు పటిక ముక్కను తడిపి రాసుకోవచ్చు. అది బాక్టీరియాను అదుపులో పెడుతుంది, దానికంటూ వాసన లేదు.


సమాధానం: ఏటూరు బాట (ములుగు)

పడుగుపేక గారు చెప్పిన ప్రతి మాటా పాటించదగినదే. పులుల గణనలో వాలంటీరుగా, ఆ తర్వాత కూడా సిబ్బందితో కలిసి ఈ అడవులలో తిరిగిన అనుభవంతో నేను చెప్పేది ఒక్కటే. బట్టలు మీ వాసనను తగ్గిస్తాయి, మిగిలిన వాసన ఎటు పోవాలో గాలి నిర్ణయిస్తుంది. గాలివాలు కలిసి రాకపోతే ఎంత శుభ్రమైన చొక్కా కూడా దుప్పి ముక్కు ముందు నిలవదు.

మీరు చెప్పిన సాయంత్రపు సంఘటనకు నాకు తోచిన కారణం చెబుతాను. నీటికుంట సాధారణంగా చుట్టుపక్కల అన్నిటికంటే పల్లంలో ఉంటుంది. పగలు ఎండకు వేడెక్కిన గాలి గుట్టవాలు మీదుగా పైకి పాకుతుంది. పొద్దు వాలి నేల చల్లబడడం మొదలుకాగానే చల్లని, బరువైన గాలి వాలు దిగి, వాగుల వెంట పల్లానికి పారుతుంది. మీ మంచె కుంటకు ఎగువన ఉంటే, మధ్యాహ్నమంతా మీ వాసన గుట్ట మీదికి పోయి, సరిగ్గా దుప్పులు నీళ్లకు దిగే వేళకు దిశ మార్చుకొని కుంట మీదికే దిగుతుంది. నాలుగు గంటలకు గాలి చూసుకొని నిశ్చింతగా కూర్చున్నవారికి ఆరు గంటలకు ఏం మారిందో అర్థం కాకపోవడానికి కారణం ఇదే. పాకాల, లక్నవరం వంటి పెద్ద చెరువుల ఒడ్డున మరొక లెక్క ఉంటుంది, పగటి పూట గాలి నీటి మీదుగా ఒడ్డుకు వస్తుంది, రాత్రి ఒడ్డు నుండి నీటి మీదికి పోతుంది. అందుచేత మంచె ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటే, జంతువులు వచ్చే బాటకు ఎదురుగా గాని ఎగువన గాని కాకుండా, పక్కవాటుగా, సాయంత్రపు గాలి మీ నుండి బాట లేని వైపుకు పారే చోటును బీట్ అధికారితో (ఆ అడవి భాగాన్ని చూసుకునే అటవీ ఉద్యోగితో) మాట్లాడి అడగండి.

ఇప్పుడు చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా చదవండి. మీ బట్టల సంగతికీ మీ ప్రాణానికీ దీనితో సంబంధం ఉంది. మన గుట్టలలో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఎలుగుబంటికి చూపు, వినికిడి అంత చురుకైనవి కావు, అది ముక్కు మీదనే ఆధారపడుతుంది. మనుషుల మీద జరిగే దాడులలో చాలావరకు అది మనిషిని దగ్గరికి వచ్చేదాకా గుర్తించక, బెదిరిపోయి మీద పడినవే. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపూలు రాలే చెట్ల కింద తెల్లవారుజామున అది తల వంచి తింటూ ఉంటుంది. అటువంటి చోట వాసన లేకుండా, చప్పుడు లేకుండా నడిచి వెళ్లడం నేర్పు కాదు, ప్రమాదం. కనుక వాసన తగ్గించే బట్టలను ఇంటి దగ్గర వేసుకొని బయలుదేరకండి. నడక దారికి మామూలు బట్టలు వేసుకొని, సిబ్బంది తోడుగా, మాట్లాడుకుంటూ, కర్రతో నేలను తట్టుకుంటూ వెళ్లండి. మంచె దగ్గరికి చేరిన తర్వాత ఒళ్లు తుడుచుకొని, డబ్బాలోని బట్టలు తీసి వేసుకొని, విప్పినవాటిని సంచిలో కట్టేయండి. దీనివల్ల నడకలో పట్టిన చెమట కూడా మంచె మీదికి రాదు. తిరుగు ప్రయాణంలో మళ్లీ మామూలు బట్టలు వేసుకోండి.

ఆకుల అచ్చు ప్యాంటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ములుగు, భూపాలపల్లి అడవులలో దశాబ్దాల పాటు తుపాకీ పట్టినవారు రెండు వైపులా తిరిగారు. సైనిక దుస్తులను పోలిన బట్టలు వేసుకొని చీకటి వేళ అడవిలో కనబడడం మీకు గాని, మీ వెంట వచ్చిన వాచర్‌కు గాని మంచిది కాదు. మట్టిరంగు, ఎండుటాకు రంగు, మసకబారిన ఆకుపచ్చ వంటి ఒకే రంగు బట్టలు చాలు. దుప్పికి ఎరుపు సరిగా కనబడదని ఎరుపు వేసుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే కొండముచ్చులకు మనలాగే రంగులన్నీ తెలుస్తాయి, చెట్టు మీద అది ఒక్క కూత వేస్తే కింద దుప్పుల మందకు అది చాలు.


మెట్టుగుట్ట నీడ (హన్మకొండ)

ఇద్దరికీ నా కృతజ్ఞతలు. ఏటూరు బాట గారు చెప్పినట్లుగానే నేను కూర్చున్న మంచె కుంటకు ఎగువన, వాగు మలుపు దగ్గర ఉంది. వచ్చే విడతలో మరొక చోటు గురించి రేంజ్ కార్యాలయంలో అడుగుతాను. ఎలుగుబంటి విషయం నేను ఈ కోణంలో ఎన్నడూ ఆలోచించలేదు, అమెరికా వేటగాళ్ల రాతలలో కూడా ఎక్కడా కనబడలేదు.

మిగిలిన సందేహాలు ఇవి. బొగ్గుపొర బట్టల గురించి పడుగుపేక గారి అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది. పేడ, పసరు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. నేను హన్మకొండ నుండి మోటారు సైకిల్ మీద వెళతాను, ఆ వాసన సంగతి ఏమిటి? చలికాలంలో నూలు చొక్కా సరిపోతుందా?


సమాధానం: లక్నవరం ఒడ్డు (గోవిందరావుపేట)

పేడ, పసరు గురించి మా ఊరి వైపు ఉన్న అనుభవం చెబుతాను. మా అడవి అంచున పశువులను మేపుకునే కాపరులు దుప్పుల మందకు చాలా దగ్గరగా నడిచి వెళతారు, అవి తల ఎత్తి చూసి మళ్లీ మేతలో పడతాయి. దానిని చూసి పేడ వాసన వల్ల అలా జరుగుతోందని కొందరు అనుకుంటారు. నా ఉద్దేశంలో అది పేడ మహిమ కాదు. రోజూ అదే బాటలో, అదే వేళకు, అదే గొంతుతో పశువులను అదిలిస్తూ వెళ్లే మనిషిని అవి గుర్తుపట్టాయి, అతని వల్ల హాని లేదని తెలుసుకున్నాయి. మీరు ఒంటికి పేడ రాసుకొని మంచె ఎక్కితే దుప్పికి పేడ వాసన, దానితోపాటు కొత్త మనిషి వాసన రెండూ విడివిడిగా తెలుస్తాయి. మా ఇంటి కుక్క అంగన్‌వాడీ పిల్లల గుంపులో మా పిల్లవాణ్ణి ముక్కుతోనే పట్టేస్తుంది, అడవిలో బతికే ముక్కు అంతకంటే తక్కువదేమీ కాదు. పసరు విషయంలో మరొక ప్రమాదం ఉంది. ఏ ఆకు ఒంటికి పడుతుందో, ఏది దురద పెడుతుందో తెలియకుండా నలిపి రాసుకుంటే రాత్రంతా గోక్కుంటూ కదలవలసి వస్తుంది.

పొగ పట్టించిన బట్టలు మంచివని చెప్పేవారు కూడా ఉన్నారు. ఎండాకాలంలో మన అడవిలో పొగ అంటే కార్చిచ్చు, ఆ వాసనకు జంతువులు దగ్గరికి రావడం అటుంచి, బెదిరిపోతాయి. అడవిలో అగ్గి ముట్టించడం నేరం కూడా. బీడీ, దోమల చుట్ట, అగరువత్తి ఇవేవీ మంచె మీదికి తీసుకుపోకండి. గుట్కా నమిలి ఉమ్మే అలవాటు ఉన్నవారిని వెంట తీసుకెళ్లకండి. తలకు మల్లె నూనె రాసుకోకుండా, ముందు రోజు కుంకుడుకాయతో తలంటుకొని, ఉతికిన నూలు తువ్వాలు తలకు చుట్టుకుంటే వెంట్రుకల వాసన చాలావరకు తగ్గుతుంది.

గాలి చూడడానికి మా వాళ్లు వాడే పద్ధతి ఒకటి ఉంది. ఎండిన జిల్లేడు కాయలోని దూదిని చిన్న డబ్బాలో దాచుకొని, ఒక్కొక్క పోగు తీసి వేళ్ల మధ్య నుండి వదులుతారు. దుమ్ము గాని, బూడిద గాని చల్లితే రెండు బారల దూరంలోనే నేల మీద పడిపోతుంది. జిల్లేడు దూది చాలా దూరం తేలుతూ, ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ కిందికి దిగిందో మీ కళ్ల ముందే చూపిస్తుంది. పొద్దు వాలే వేళ దానిని మంచె మీది నుండి వదిలితే ఏటూరు బాట గారు చెప్పిన మార్పు మీకే కనబడుతుంది.


సమాధానం: కొత్తవాడ పడుగుపేక (వరంగల్)

బొగ్గుపొర గురించి అడిగారు. చురుకు పుట్టించిన బొగ్గులో లెక్కలేనన్ని సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి, వాసన అణువులు వాటి లోపలి గోడలకు అతుక్కుంటాయి. నీటిని శుద్ధి చేసే యంత్రాలలో వాడేది కూడా ఆ బొగ్గునే. అందువల్ల ఆ సూత్రంలో తప్పు లేదు. అయితే ఆ రంధ్రాలు నిండిన తర్వాత అది మామూలు బట్టే. నిండిన బొగ్గును పూర్తిగా మళ్లీ చురుకుగా చేయాలంటే వందల డిగ్రీల వేడి కావాలి, ఆ వేడికి బట్టే మిగలదు. ఇంట్లో బట్టలు ఆరబెట్టే యంత్రం వేడికి కొంత వాసన మాత్రమే వదులుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఏమిటంటే, ఆ బట్టలు చలి దేశాలలో, మంచు కురిసే నెలలలో వేటకు కూర్చునేవారి కోసం పుట్టినవి. మన దగ్గర ఏప్రిల్, మే నెలలలో అటువంటి పొరను మరొకటి ఒంటి మీద వేసుకుంటే, అది ఆపే వాసనకంటే అది పుట్టించే చెమటే ఎక్కువ. ఆ డబ్బు పెట్టవద్దనే చెబుతాను. వెండి పూసిన పోగులతో నేసిన బనియన్లు కూడా అమ్ముతున్నారు. వెండి బాక్టీరియాను అదుపు చేస్తుంది కనుక కొంత ప్రయోజనం ఉంది, కానీ ఉతికిన కొద్దీ వెండి తగ్గిపోతుంది.

చలికాలానికి మాత్రం ఉన్ని మంచిది. ఉన్ని పోగు తన బరువులో దాదాపు 16 శాతం తేమను, దానితోపాటు వాసన అణువులను కూడా తనలోకి తీసుకొని నెమ్మదిగా వదులుతుంది, అందుకే ఉన్ని బట్టలు కొన్ని రోజులు వేసుకున్నా త్వరగా కంపు కొట్టవు. ఒంటికి ఆనుకొని నూలు బనియను, దాని మీద చొక్కా, ఆ పైన పలుచని ఉన్ని స్వెటర్ వేసుకోండి. నడుస్తున్నప్పుడు స్వెటర్ వేసుకోకండి, మంచె ఎక్కి ఒళ్లు చల్లబడిన తర్వాతే వేసుకోండి. కురుమలు నేసే నల్ల గొంగడి ఉంటే ఇంకా మంచిది, మంచు పడినా లోపలికి దిగదు, మసక వెలుతురులో మీ ఆకారాన్ని కూడా కప్పేస్తుంది. దానికి గొర్రెల వాసన ఉంటుంది కనుక కొత్తదైతే వాడే ముందు కొన్నాళ్లు నీడలో, గాలి ఆడే చోట వేలాడదీయండి. మంచె మీద కింద పరచుకోవడానికి కూడా ప్లాస్టిక్ పట్టా వాడకండి. అది ఎండకు వేడెక్కి వాసన వదులుతుంది, కదిలితే చప్పుడు చేస్తుంది. మా కొత్తవాడ మగ్గాల మీద నేసే నూలు దర్రీ ఆ పనికి చక్కగా సరిపోతుంది, ఉతుక్కోవడం కూడా తేలిక.

బూట్ల విషయం మీరు రెండవసారి అడగలేదు గాని చెప్పడం అవసరం. తోలు చెమటను పీల్చుకొని దాచుకుంటుంది, పాలిష్ వాసన దానికి అదనం, ఉతకడానికి వీలు కాదు. ఉతికి ఎండబెట్టుకోగలిగే క్యాన్వాస్ బూట్లు మంచె మీదికి వాడండి. వానాకాలంలో బురద బాటలకు మోకాలి కిందివరకు వచ్చే రబ్బరు బూట్లు నయం, రబ్బరు లోపలి చెమటను బయటికి వదలదు కనుక మీరు నడిచిన బాట మీద వాసన తక్కువగా మిగులుతుంది. కానీ వాటిని ప్రతిసారీ లోపల కడిగి, తలకిందులుగా నిలబెట్టి ఆరబెట్టాలి. మేజోళ్లు నూలువి, బనియన్ల మాదిరిగానే మార్చుకునేవి ఉండాలి.


సమాధానం: ఏటూరు బాట (ములుగు)

మోటారు సైకిల్ ప్రశ్న మిగిలిపోయింది. పెట్రోలు, ఇంజను నూనె వాసన చేతులకు, ప్యాంటు మోకాళ్ల దగ్గర, కెమెరా సంచి అడుగున బాగా పడుతుంది. బండిని రేంజ్ కార్యాలయం దగ్గరో, బేస్ క్యాంపు దగ్గరో వదిలి, చేతులను వంటసోడాతో రుద్ది కడుక్కోండి. కెమెరా సంచిని బండి ట్యాంకు మీద పెట్టకుండా వీపున వేసుకోండి. దాని పట్టీలు నెలల తరబడి మీ భుజాల చెమటను పీల్చుకొని ఉంటాయి, పైగా అవి ఎక్కువగా నైలాన్‌వో పాలిస్టర్‌వో అయి ఉంటాయి, చొక్కా మార్చినవారు కూడా వాటిని మరిచిపోతారు. పట్టీలకు నూలు గుడ్డ చుట్టి కుట్టుకుంటే, ఆ గుడ్డను విప్పి ఉతుక్కోవచ్చు. హెల్మెట్‌ను మంచె దగ్గరికి తీసుకురాకండి.

లక్నవరం ఒడ్డు గారు చెప్పిన జిల్లేడు దూది పద్ధతిని నేను కూడా వాడుతున్నాను, దానికి మించినది లేదు. గాలి కుంట వైపుకే పారుతోందని అది చూపించిన రోజున బట్టలు మార్చుకోవడంతో సరిపెట్టుకోకండి, మంచె దిగి వచ్చేయండి. చుట్టుపక్కల వేరే నీరు లేని ఎండాకాలంలో ఒక మంద నీళ్లు తాగకుండా రాత్రి గడపడం చిన్న విషయం కాదు. చీకటి పడకముందే, అవి బాట మీదికి రాకముందే దిగి, వాచర్‌కు చెప్పి, కుంటకు దూరంగా చుట్టూ తిరిగి క్యాంపుకు చేరుకోవాలి.

చివరిగా, అనుమతి పత్రం విషయం. అభయారణ్యంలో ఛాయాచిత్రాల కోసం ప్రవేశానికి వన్యప్రాణి చట్టంలోని 28వ సెక్షన్ కింద అనుమతి ఉండాలి, మీ దగ్గర ఉన్నదని మీరే రాశారు కనుక సంతోషం. మంచెకు వెళ్లే బాటలో ఎక్కడైనా చెట్టు మొదళ్లకు కట్టిన తీగ ఉచ్చులు గాని, కరెంటు తీగలు గాని కనబడితే వాటిని ముట్టుకోకండి. చోటును గుర్తుపెట్టుకొని, వచ్చిన దారినే వెనక్కి నడిచి, వెంటనే బీట్ అధికారికి తెలియజేయండి. ఆ తీగలలో కరెంటు ఉన్నదీ లేనిదీ చూపుతో తెలియదు, చీకటిలో అవి జంతువుల ప్రాణాలే కాక మనుషుల ప్రాణాలు కూడా తీస్తున్నాయి.